పొడుగు పాట, పొట్టి పాట, ఎర్రజెండా

"మామయ్యా, నీ ప్రోగ్ రాక్ వాళ్ళకి వీధిలో ఏం జరుగుతోందో పట్టలేదు. జెనెసిస్ పుట్టింది చార్టర్‌హౌస్‌లో. ఇంగ్లండులో బాగా డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే బడి అది. యెస్ వాళ్ళు 1973లో రెండు ఎల్పీలు కలిపి నాలుగే నాలుగు పాటలు వేశారు. 1975లో రిక్ వేక్‌మన్ వెంబ్లీలో ఐస్ మీద స్కేటింగ్ చేసేవాళ్ళతో ఆర్థర్ రాజు కథ ఆడించాడు. ఆ ఏడాదే నవంబరు 6న పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ మొదటిసారి జనం ముందుకొచ్చారు. తిరుగుబాటు గురించి మాట్లాడాలంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి."

"జనం ముందుకొచ్చారు, బాగానే ఉంది. ఏ జనం? ఎక్కడ?"

"లండన్‌లో. సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో."

"అదీ సంగతి. కాలేజీలో. వీధిలో కాదు."

మామయ్య విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో ఎర్రజెండా పట్టుకు తిరిగిన మనిషి. మేనకోడలు ఆర్ట్ హిస్టరీలో పరిశోధన చేస్తోంది, పంక్ రికార్డుల అట్టలన్నా, వాళ్ళ కరపత్రాలన్నా ప్రాణం. ఇద్దరి పేచీ ఒక్కటే. 1968 తర్వాత యూరప్ కాలేజీల్లో లేచిన ఎర్ర కెరటానికి నిజంగా ఎవరి సంగీతం తోడు నడిచింది? ఇరవై నిమిషాల పాటలు కట్టినవాళ్ళదా, రెండు నిమిషాల్లో అరిచి దిగిపోయినవాళ్ళదా?

అందరూ చెప్పే కథ ఒకటుంది. ప్రోగ్ బలిసి కూర్చుంది, పంక్ వచ్చి దాన్ని పడగొట్టింది అని. ఈ కథ పత్రికలకు సులువు కాబట్టి నిలిచింది. కాలేజీ హాళ్ళ లెక్క తీస్తే మాత్రం అంత తేలిగ్గా నిలవదు. 1962లో బ్రిటన్ చేసిన చట్టం ప్రకారం డిగ్రీలో చేరిన పిల్లలకు ఫీజుతో పాటు బతుకు ఖర్చుకూ స్థానిక కౌన్సిళ్ళు గ్రాంటు ఇవ్వాలి. కాలేజీల్లో స్టూడెంట్స్ యూనియన్లకు సొంత డబ్బుండేది, దాంతో వారాంతాల్లో బ్యాండ్లను పిలిచేవాళ్ళు. ద హూ తమ పేరు మోసిన లైవ్ ఎల్పీని 1970 ఫిబ్రవరి 14న రికార్డు చేసింది లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో. వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ 1967లో మాంచెస్టర్ యూనివర్సిటీలో పుట్టింది. పింక్ ఫ్లాయిడ్‌లో ముగ్గురు కలుసుకున్నది రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో, ఆర్కిటెక్చర్ క్లాసులో. పిస్టల్స్ తొలి ప్రదర్శనల్లో చాలా వాటికి ఆర్ట్ కాలేజీలే వేదికలు. టీవీలో బూతులు మాట్లాడారని 1976 డిసెంబరులో ఊరూరా వాళ్ళ కార్యక్రమాలు రద్దవుతుంటే, లీడ్స్ పాలిటెక్నిక్ విద్యార్థులు మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ యాత్రలో మొదట జరిగిన కచేరీ అదే.

"ఒకే అన్నం తిన్నారు, ఒప్పుకుంటాను," అంది మేనకోడలు. "కానీ తిన్న తర్వాత ఏం చేశారన్నదే కదా ప్రశ్న. 1968 జూన్‌లో లండన్ పక్కన క్రాయ్‌డన్ ఆర్ట్ స్కూల్‌ని విద్యార్థులు ఆక్రమించారు. ఆ గుంపులో మాల్కమ్ మెక్‌లారెన్ ఉన్నాడు, జేమీ రీడ్ ఉన్నాడు. పారిస్‌లో సిచువేషనిస్టులనే విప్లవ బృందం రాతలు చదివి ఊగిపోయిన కుర్రాళ్ళు. తర్వాత ఎనిమిదేళ్ళకి ఒకడు సెక్స్ పిస్టల్స్ మేనేజరు, ఇంకొకడు వాళ్ళ పోస్టర్లు వేసేవాడు. పేపర్లలోంచి అక్షరాలు కత్తిరించి అతికించే ఆ పద్ధతి రీడ్‌కి కొత్త కాదు. 1970 నుంచి సబర్బన్ ప్రెస్ అని సొంత పత్రిక నడుపుతూ చేయి తిప్పుకున్నాడు. అంటే 68 విద్యార్థి రాజకీయం నేరుగా పంక్‌లోకే వచ్చి దిగింది."

"దిగితే పిస్టల్స్ పాటలో కనబడాలి కదమ్మా. కనబడేది ఒక్కడి కోపం. సంఘం ఎక్కడ? మీ పంక్ గుంపులో సూక్సీ అనే అమ్మాయి 1976లో చేతికి స్వస్తిక పట్టీ కట్టుకుని తిరిగింది. పెద్దవాళ్ళని రెచ్చగొట్టడానికే, నాజీయిజం మీద ప్రేమతో కాదు, సరే. కానీ ఆ ఏడే లండన్ వీధుల్లో నేషనల్ ఫ్రంట్ వాళ్ళు మన దేశపు మనుషుల్ని కొడుతున్నారు. జూన్‌లో సౌతాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే కుర్రాణ్ణి పొడిచి చంపారు. ఆ నెత్తురు ఆరకముందే ఆ పట్టీ కట్టుకోవడం రాజకీయమా?"

ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. మేనకోడలు కూడా స్వస్తికను సమర్థించే ప్రయత్నం చేయలేదు. అటునుంచి తప్పుకుని, తన దగ్గరున్న గట్టి ఆధారాన్ని ముందు పెట్టింది.

1976 ఆగస్టు 5న బర్మింగ్‌హామ్‌లో ఎరిక్ క్లాప్టన్ వేదిక మీద నిలబడి వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కాడు. అది విని కోపంతో కొందరు సంగీత పత్రికలకు ఉత్తరం రాశారు. వాళ్ళలో ముందున్న రెడ్ సాండర్స్ ఫొటోగ్రాఫర్. ఆ ఉత్తరం నుంచే రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం పుట్టింది. దాని వెనక సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ మనుషులున్నారు, ఆ పార్టీకి కాలేజీల్లో బలమైన పునాది ఉంది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు దాకా ఊరేగింపు నడిచింది. పార్కులో ద క్లాష్, ఎక్స్-రే స్పెక్స్, టామ్ రాబిన్సన్, స్టీల్ పల్స్ వాయించారు. తెల్ల పంక్ కుర్రాళ్ళ పక్కనే నల్లవాళ్ళ రెగే బ్యాండు. వచ్చినవాళ్ళు ఎనభై వేలకు పైనే అని లెక్క.

"మీ వాళ్ళు ఎవరైనా ఆ పార్కులో ఉన్నారా మామయ్యా?"

"ఆ పార్కులో లేరు. అంతకు ఏడు వారాల ముందు, మార్చి 12న, అదే లండన్‌లో న్యూ లండన్ థియేటర్లో ఉన్నారు."

ఇక్కడ మామయ్య గొంతు మారింది. హెన్రీ కౌ అంటే ఆయనకి అంత ఇష్టం. 1968లో కేంబ్రిడ్జిలో చదువుకుంటూ ఫ్రెడ్ ఫ్రిత్, టిమ్ హాడ్జ్‌కిన్సన్ మొదలుపెట్టిన బృందం. వాళ్ళ 1975 ఎల్పీ పేరు బ్రెహ్ట్ పాట నుంచి తీసుకున్నదే. వాయించడం ఎంత కష్టమో, బృందాన్ని నడపడం కూడా అంతే పట్టుదలగా నడిపారు. ప్రతి నిర్ణయం మీటింగు పెట్టి తీసుకునేవాళ్ళు, మినిట్స్ రాసుకునేవాళ్ళు. వ్యాను తోలేవాళ్ళకీ సౌండు చూసేవాళ్ళకీ ఆ మీటింగులో మాట ఉండేది. బసూన్ వాయించే లిండ్సే కూపర్, బాస్ వాయించే జార్జీ బోర్న్, పాడే డాగ్మార్ క్రౌజ్ వచ్చాక బృందంలో ఆడవాళ్ళ సంఖ్య ఇంచుమించు మగవాళ్ళతో సమానమైంది. ఆ కాలపు రాక్ బృందాల్లో ఇది దాదాపు కనబడని విషయం. 1975లో రోమ్‌లో సాఫ్ట్ మెషీన్ మాజీ డ్రమ్మర్ రాబర్ట్ వ్యాట్‌తో కలిసి వాయించాక ఇటలీలోనే తిరుగుతూ, కమ్యూనిస్టు పార్టీ తన పత్రిక పేరు మీద ఊరూరా జరిపే పండగల్లో కచేరీలు చేశారు. పిల్లలూ ముసలివాళ్ళూ పార్టీ కార్యకర్తలూ కూర్చున్న ఆ మైదానాల్లో, అంత చిక్కటి సంగీతం.

మార్చి 12న వాళ్ళు పిలిచినవాళ్ళు మరో నాలుగు దేశాల బృందాలు: ఇటలీ నుంచి స్టార్మీ సిక్స్, స్వీడన్ నుంచి సమ్లా మమ్మాస్ మన్నా, బెల్జియం నుంచి యూనివర్ జీరో, ఫ్రాన్స్ నుంచి ఎత్రోన్ ఫూ లెలూబ్లాన్. పెద్ద రికార్డు కంపెనీలు వద్దన్నవాళ్ళంతా కలిసి రాక్ ఇన్ ఆపోజిషన్ అని పేరు పెట్టుకున్నారు. "వీళ్ళలో స్టార్మీ సిక్స్ మిలాన్ విద్యార్థి ఉద్యమంలో పెరిగినవాళ్ళు," అన్నారు మామయ్య. "ఊరేగింపుల్లో పాడి, తర్వాత సొంత సహకార సంఘం పెట్టుకుని రికార్డులు వేసుకున్నారు. ఇది రాజకీయం కాదంటావా?"

"రాజకీయమే. కానీ న్యూ లండన్ థియేటర్‌లో ఎంతమంది, విక్టోరియా పార్కులో ఎంతమంది? మామయ్యా, నీకు తెలియనిదా? ఇక్కడ ఉస్మానియా కుర్రాళ్ళు సెలవుల్లో ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఏం తీసుకెళ్ళారు? గద్దర్ పాట. నాలుగు మాటల పల్లవి, చేతిలో డప్పు, భుజాన గొంగడి. మొదటిసారి విన్నవాడు రెండోసారి కోరస్ కలపాలి. పంక్ చేసింది అదే."

"అర్ధసత్యం అది. జన నాట్యమండలి వాళ్ళు పల్లవి ఒక్కటే తీసుకోలేదు. ఒగ్గు కథ, బుర్రకథ కూడా తీసుకున్నారు. ఒగ్గు కథ రాత్రంతా నడుస్తుంది, ఊరంతా కూర్చుంటుంది. పొడుగైతే జనానికి ఎక్కదన్నది చదువుకున్నవాళ్ళ అపోహ. తెలిసిన నడకలో ఉంటే ఎంత పొడుగైనా ఎక్కుతుంది."

ఇది మామయ్య చెప్పినవాటిలో బాగా ఆలోచించాల్సిన మాట. హెన్రీ కౌ ఇబ్బంది పాట పొడుగు కాదు, ఆ నడక ఎవరికీ ముందు తెలియకపోవడం. ఆయన అంతటితో ఆగలేదు. ప్రోగ్ పాట జనంలోకి వెళ్ళలేదన్న మాటను తిప్పికొట్టడానికి కేప్‌టౌన్ దాకా వెళ్ళారు.

1979 చివర్లో పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' వచ్చింది. బడి మీద కోపంతో కట్టిన పాటలో ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లల చేత కోరస్ పాడించారు. 1980లో దక్షిణాఫ్రికాలో, జాతిని బట్టి వేరు చేసిన నాసిరకం చదువుకు వ్యతిరేకంగా నల్లజాతి, మిశ్రమజాతి విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. కేప్‌టౌన్ బడుల్లో వాళ్ళ నోట నానింది ఆ కోరసే. మే నెలలో ప్రభుత్వం ఆ రికార్డును నిషేధించింది. పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ చొక్కా మీద 'అసహ్యం' అని రాసుకున్నది ఈ బృందం గురించే.

"నిషేధించారు, నిజమే," అంది మేనకోడలు. "ఎందుకు అంత దూరం వెళ్ళింది? నిర్మాత బాబ్ ఎజ్రిన్ దానికి డ్యాన్సు తాళం పెట్టి, ఒక చరణాన్ని రెండు చరణాలుగా సాగదీసి, సింగిల్‌గా కత్తిరించాడు. మూడు నిమిషాలు. నా పాఠం నేర్చుకున్నాకే మీవాళ్ళు కేప్‌టౌన్ చేరారు."

మామయ్య నవ్వేశారు. ఆ దెబ్బ తగిలిందని ఆయనకూ తెలుసు. వెంటనే లైడన్ సంగతి ఎత్తారు. అదే లైడన్ 1977 జులైలో లండన్ క్యాపిటల్ రేడియోలో తనకిష్టమైన రికార్డులు వేయమంటే, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు వేసి మెచ్చుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1974లో రాబర్ట్ వ్యాట్ 'రాక్ బాటమ్' నిర్మించాడు, 1977లో పంక్ బృందం ద డామ్డ్ రెండో ఎల్పీ కూడా నిర్మించాడు. పత్రికలు గీసిన గీత సంగీతకారులు పెద్దగా పట్టించుకోలేదు.

మాట ఇటలీ మీదికి మళ్ళాక వాదన వేడెక్కింది. ప్రోగ్‌కి విద్యార్థి రాజకీయంతో ఎక్కడైనా రక్తసంబంధం ఉందంటే అది ఇటలీలోనే.

1974లో టూరిన్ కార్మికులు పెరిగిన బస్సు చార్జీలు కట్టబోమన్నారు, పాత చార్జీనే చేతిలో పెట్టి ఎక్కారు. కరెంటు బిల్లులకూ అదే పద్ధతి. దీనికి అక్కడ 'ఆటోరిడుజియోనె' అని పేరు. ధర మేమే తగ్గించుకుంటాం అని అర్థం. కాలేజీ కుర్రాళ్ళు దాన్ని కచేరీ గేటు దగ్గరికి తెచ్చారు. టికెట్ ఎక్కువ పెడితే గేట్లు తోసుకుని లోపలికి పోవడమే. పోలీసుల బాష్పవాయువు, కుర్రాళ్ళ రాళ్ళు. పైగా 1971లోనే మిలాన్‌లో లెడ్ జెప్పెలిన్ కచేరీ బాష్పవాయువు మధ్య ఆగిపోయిన చరిత్ర ఉంది. 1977లో సాంటానా వేదిక మీద మొలొటోవ్ సీసా పడింది. ఇక విదేశీ బృందాలు ఇటలీ పేరెత్తితే భయపడ్డాయి.

ఆ గేటు లోపల, కుర్రాళ్ళ పక్షాన నిలబడి వాయించిన బృందం ఆరెయా. గాయకుడు దెమెత్రియో స్ట్రాటోస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన గ్రీకువాడు. ఒక్క గొంతులో ఒకేసారి రెండు స్వరాలు పలికించేవాడు, పాదోవా పరిశోధకులు ఆ గొంతును పరీక్షించి చూశారు. 1973లో వచ్చిన వాళ్ళ మొదటి ఎల్పీ ఒక ఆడగొంతు అరబ్బీ మాటలతో మొదలై, బాల్కన్ తాళాల్లోకి దూకుతుంది. ఆ తొలి పాట అంశం పాలస్తీనా. అంకెలు పెట్టి లెక్కించుకుంటే తప్ప కాలు కదపలేని తాళం అది. మిలాన్ కుర్రాళ్ళు మాత్రం దాని మీదే గెంతారు. 1974లో 'ఇంటర్నేషనల్' గీతాన్నే వాళ్ళు సింగిల్‌గా వేశారు. 1979 జూన్ 13న స్ట్రాటోస్ రక్తవ్యాధితో చనిపోయాడు. వైద్యానికి డబ్బు కూడబెట్టాలని మర్నాటికి మిలాన్ మైదానంలో ఏర్పాటు చేసిన కచేరీ సంతాపసభ అయింది. వేలమంది వచ్చారు.

"చూశావా," అన్నారు మామయ్య. "ఇంత కష్టమైన సంగీతం, ఇంతమంది జనం. ఉద్యమం ఉంటే చెవి దానంతటదే తెరుచుకుంటుంది."

"ఉద్యమం తలుపు మూసుకున్నప్పుడు ఏమైందో కూడా చెప్పు. పార్కో లాంబ్రో."

మామయ్య చెప్పక తప్పలేదు. మిలాన్‌లోని ఆ పార్కులో రె నూదో పత్రికవాళ్ళు ఏటా యువజన పండగ జరిపేవాళ్ళు. 1976 జూన్‌లో లక్షమంది దాకా వచ్చారు. ఎండ, దుమ్ము, తిండి ధరలు మండిపోతున్నాయి. అక్కడ గడ్డకట్టించి ఉంచిన కోళ్ళను కుర్రాళ్ళు లాక్కున్నారు. పండగ చేసేది ప్రజల కోసమైతే తిండి అమ్మడమేమిటన్నది వాళ్ళ ప్రశ్న. స్త్రీవాదుల మీద దాడులు, పోలీసులతో గొడవలు. వేదిక మీద ఆరెయా వాయిస్తుంటే కింద ఉద్యమం తనలో తానే కొట్టుకుంది. అంతకు దాదాపు మూడు నెలల ముందే, ఏప్రిల్ 2న, మిలాన్‌లో గాయకుడు ఫ్రాంచెస్కో దె గ్రెగోరిని అతివాద కుర్రాళ్ళు వేదిక మీదికి లాక్కొచ్చి నిలదీశారు: ఇంత టికెట్టా, ఆ డబ్బు పోరాటానికి ఎందుకివ్వవు అని. ఆ తర్వాత కొంతకాలం ఆయన జనం ముందు పాడలేదు.

"అది తప్పు," అన్నారు మామయ్య. "ఎడమపక్షం పాటగాణ్ణి నిలదీసి ఎవరిని గెలిచారు?"

"ఒక మనిషిని అలా అవమానించడం తప్పే. కానీ గేటు దగ్గర వాళ్ళడిగిన ప్రశ్న తప్పు కాదు. ధర ఎవరు పెడతారు అన్నదానికి ఆరెయా దగ్గర జవాబు లేదు. హెన్రీ కౌ దగ్గర కొంత ఉంది. పూర్తిగా చెప్పింది మాత్రం లీడ్స్ వాళ్ళు."

ఆమె చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. 1977 మార్చి 11న బొలోన్యాలో పోలీసులు ఫ్రాంచెస్కో లోరుసో అనే వైద్య విద్యార్థిని కాల్చి చంపారు. ఆ ఊరి కార్పొరేషన్ కమ్యూనిస్టులదే. విద్యార్థులు ఆ పార్టీ మీద కూడా తిరగబడ్డారు. మర్నాడు విద్యార్థుల రేడియో ఆలీచె మీదికి పోలీసులు వచ్చి, ప్రసారం నడుస్తుండగానే మూసేశారు. లీడ్స్ పాలిటెక్నిక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, యంగ్ కమ్యూనిస్ట్ లీగ్‌లో తిరిగిన గ్రీన్ గార్ట్‌సైడ్, లండన్‌లో ఖాళీ ఇల్లు ఆక్రమించుకుని ఉంటూ, 1978లో తన బ్యాండు మొదటి సింగిల్‌కి ఆ ఊరి పేరు పెట్టాడు. బ్యాండు పేరు స్క్రిట్టీ పొలిట్టి, ఇటలీ మార్క్సిస్టు గ్రామ్‌షీ రచనల పేరు నుంచి మలచుకున్నది. 1976 డిసెంబరులో లీడ్స్ పాలిటెక్నిక్‌లో పిస్టల్స్ కచేరీ చూసినవాళ్ళలో అతనొకడు.

ఆ రికార్డు అట్ట మేనకోడలి దగ్గర ఉంది, నకలే. జిరాక్స్ తీసి మడిచిన కాగితం. దాని మీద బొమ్మల పక్కన లెక్క రాసి ఉంది: స్టూడియోకి ఎంతైంది, మాస్టరింగ్‌కి ఎంత, రికార్డు నొక్కించడానికి ఎంత, మధ్యలో అంటించే గుండ్రటి లేబుళ్ళకు ఎంత. ఎవరికి ఫోన్ చేయాలో కూడా. చదివినవాడు మర్నాడు తన రికార్డు వేసుకోవచ్చు.

"నాకు ఇది గేటు బద్దలు కొట్టడం కన్నా పెద్ద పని," అంది ఆమె. "లీడ్స్ యూనివర్సిటీలో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ వాళ్ళూ ఇలాంటివాళ్ళే. ఒకప్పుడు సిచువేషనిస్టుల్లో ఉన్న టి.జె. క్లార్క్ వాళ్ళ ఫైన్ ఆర్ట్స్ విభాగానికి ప్రొఫెసరు. 1979లో టాప్ ఆఫ్ ది పాప్స్‌కి పిలుపొచ్చింది. పాటలో ఒక్క మాట బీబీసీ కోరినట్టు మార్చడానికి ఒప్పుకోలేదు, టీవీ వదులుకున్నారు. నీ ప్రోగ్ వాళ్ళలో ఎవరు వదులుకున్నారు అంత?"

"హెన్రీ కౌ తన రికార్డు కంపెనీనే వదులుకుంది. ఆ కంపెనీ ఏదో తెలుసా? వర్జిన్. 1973లో 'ట్యూబులర్ బెల్స్' తెచ్చిపెట్టిన డబ్బుతో బతికిన కంపెనీ. 1977లో నీ పిస్టల్స్ చేరింది అందులోనే. మావాళ్ళు బయటికొచ్చి చివరి ఎల్పీ సొంతంగా వేసుకున్నారు. డ్రమ్మర్ క్రిస్ కట్లర్ రికమెండెడ్ రికార్డ్స్ అని పంపిణీ మొదలుపెట్టాడు, యూరప్ అంతా పోస్టులో రికార్డులు పంపేవాడు. గ్రీన్ సంగతేమిటి? తర్వాత వర్జిన్‌కే వెళ్ళాడుగా."

వెళ్ళాడు. ఆమె కాదనలేదు. కానీ వెళ్ళేముందు గ్రీన్ రఫ్ ట్రేడ్‌లో ఉన్నాడు. లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర 1976లో జెఫ్ ట్రావిస్ పెట్టిన దుకాణం నుంచి ఎదిగిన సహకార పద్ధతి కంపెనీ, పనివాళ్ళందరికీ ఒకే జీతం. 1981లో గ్రీన్ అక్కడ చేసిన 'ద స్వీటెస్ట్ గర్ల్' పాటలో కీబోర్డు వాయించింది రాబర్ట్ వ్యాట్. 1973లో మేడ మీది నుంచి పడి నడుం కింద చచ్చుబడ్డ మనిషి, అప్పటికి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, రఫ్ ట్రేడ్‌లోనే సింగిల్స్ వేస్తున్నవాడు. మామయ్య ఆయన్ను తన పక్షంలో లెక్కేశారు, మేనకోడలు తన పక్షంలో. ఇద్దరూ వదలలేదు.

"సరే, వర్జిన్ గొడవ వద్దు. క్రాస్ అనే పంక్ బృందాన్ని తీసుకో," అంది ఆమె. "రికార్డు అట్ట మీదే ధర అచ్చేశారు, ఇంతకు మించి ఇవ్వొద్దని. వాళ్ళని విని పెరిగిన కుర్రాళ్ళు 1983 సెప్టెంబరు 29న లండన్ బ్యాంకుల వీధుల్లో స్టాప్ ది సిటీ అని కూర్చున్నారు."

"క్రాస్ ఉన్నది ఎసెక్స్‌లో పల్లె ఇంట్లో, 60ల నుంచీ తలుపు తెరిచి ఉంచిన కమ్యూన్. నా తరం వాళ్ళు నడిపిన ఇల్లది. ఇంతకీ ఆ వీధిలో కూర్చున్నవాళ్ళలో విద్యార్థులెంతమంది?"

"తక్కువే. ఏడాది ముందే బ్రిటన్‌లో నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటారు. అక్కడ కూర్చున్న చాలామందిని పోషించింది గ్రాంటు కాదు, నిరుద్యోగ భృతి. కాలేజీ గేటు దాటి పాట బయటికి వెళ్ళింది మామయ్యా, నాకు పంక్ ఇష్టమైంది అందుకే."

"మరి ఆ పాట వాళ్ళకి చేర్చిన దుకాణం, పోస్టు, అట్ట మీద లెక్క, ఇవన్నీ కట్టింది కాలేజీ వాళ్ళే కదా," అని మామయ్య మళ్ళీ లీడ్స్ దగ్గరికి వచ్చారు.